చెప్పి తినని ప్లేటు: అమిగ్డలా దెబ్బతిన్న ఒక వేరుశనగ వ్యాపారి కేసు

రోగికి 51 ఏళ్లు, కుడిచేతి వాటం, పదో తరగతి దాకా చదువు. అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ కాయలు కొని ఆయిల్ మిల్లులకూ విత్తన వ్యాపారులకూ అమ్మడం ఆయన ఇరవై ఏళ్లకు పైబడిన వృత్తి. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపలి గింజ మోగే తీరును బట్టి ఎండుదనం చెప్పేవారని, తేమ కొలిచే యంత్రం తర్వాత చూపే అంకె ఆయన మాటకు దగ్గరగానే ఉండేదని కొడుకు చెప్పాడు. మద్యం అలవాటు లేదు. మధుమేహం, రక్తపోటు లేవు. కుటుంబంలో మానసిక వ్యాధుల చరిత్ర కూడా లేదు. రోగి, ఆయన భార్య ఇద్దరి అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టగల సంగతులను మార్చాను.

మే మొదటి వారంలో నా దగ్గరికి తీసుకువచ్చేసరికి, జబ్బు చేసి నాలుగు నెలలు దాటింది. అంతకుముందు డిసెంబరులో నాలుగు రోజులు జ్వరం, తలనొప్పి. ఇంట్లో ఏమీ కాలకుండానే కాలిన వాసన వస్తోందని రెండుసార్లు అన్నారట. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు; మొదట చూపించిన చోట టైఫాయిడ్‌గా భావించి మందులు ఇచ్చారు. ఐదో రోజు మాట తడబడింది, కొడుకును తమ్ముడి పేరుతో పిలిచారు, ఆ రాత్రే మూర్ఛ వచ్చింది. అప్పుడు పెద్దాసుపత్రికి తరలించారు. వెన్నునీటిలో లింఫోసైట్లు ఎక్కువగా ఉన్నాయి, ప్రొటీన్ కొంచెం పెరిగింది, గ్లూకోజు మామూలుగా ఉంది. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఒకటో రకానికి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) పాజిటివ్ వచ్చింది. అంటే ఇది హెర్పిస్ ఎన్సెఫలైటిస్, ఆ వైరస్ తెచ్చే మెదడు వాపు. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి, వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్‌ను నరం ద్వారా 21 రోజులు ఇచ్చారు. మనిషి బతికాడు. ఈ మందు రాకముందు ఇదే జబ్బులో పది మందిలో ఏడుగురి దాకా చనిపోయేవారు కనుక, అది చిన్న విషయమేమీ కాదు. డిశ్చార్జి కాగితం మీద మాత్రం "పూర్తిగా కోలుకున్నారు" అని ఉంది. నడక, మాట, జ్ఞాపకం చూసి రాసిన మాట అది. వాటి వరకు నిజమే.

ఈ వైరస్‌కు మెదడులో ఇష్టమైన చోట్లు కొన్ని ఉన్నాయి: కణతల వెనుక ఉండే టెంపొరల్ లోబ్ లోపలి అంచు, ఇన్సులా, కళ్ల గూళ్లకు పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్. కాలిన వాసన భ్రమ కూడా ఆ లోపలి అంచు రగులుతున్నప్పుడు వచ్చేదే. ఏప్రిల్‌లో తీసిన ఎమ్మారై నా దగ్గర ఉంది. టెంపొరల్ లోబ్ లోపల రెండు వైపులా బాదం ఆకారంలో ఉండే చిన్న కణాల గుంపు అమిగ్డలా; కుడి వైపుది దాదాపు పూర్తిగా దెబ్బతింది. దాని వెనుక, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ ముందు భాగం, టెంపొరల్ లోబ్ కొన కూడా పోయాయి. ఎడమ అమిగ్డలా సగం దాకా కుంచించుకుపోయింది, ఎడమ హిప్పోకాంపస్ మాత్రం బాగానే ఉంది. కుడి ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ వెనుక అంచున సన్నని మచ్చ ఉంది. ఈ మచ్చ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది, ఎందుకంటే నా నిర్ధారణకు అదే పెద్ద అడ్డంకి.

ఇంటివాళ్ల ఫిర్యాదు ఒక్క మాటలో చెప్పాలంటే "మనిషి మనిషిగా లేడు" అన్నది. నవ్వు తగ్గింది. పండగకు కొత్త బట్టలు తెస్తే చూసి పక్కన పెట్టారు. ఏప్రిల్‌లో, బోర్ల కింద వేసిన రబీ పంట యార్డుకు వస్తున్న రోజుల్లో, అకాల వానకు తడిసిన ఒక లోడు కాయలను ఎండు కాయల ధరకు కొన్నారు. ఆ సరుకు బూజు పట్టి, మిల్లువాళ్లు తీసుకోకపోవడంతో చాలా డబ్బు పోయింది. ఆ నష్టాన్ని ఆయన నాతో చెప్పిన తీరు పక్కింటివారి కరెంటు బిల్లు చెప్పినట్టుంది. అంకెలు తప్పలేదు, గొంతు మారలేదు.

నేను పొరబడ్డది ఇక్కడే. ఉత్సాహం లేదు, ఆకలి తగ్గిందని భార్య అంటున్నది, నష్టానికి బాధ లేదు, పెద్ద జబ్బు నుంచి లేచి నాలుగు నెలలే అయింది. వీటన్నిటినీ కలిపి డిప్రెషన్ అని రాసి, మూర్ఛకు వాడుతున్న లెవెటిరాసెటమ్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కొనసాగిస్తూ, ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. లెవెటిరాసెటమ్ వల్ల కూడా మనసు మారవచ్చు కనుక దాన్ని అనుమానించాను, కానీ అది సాధారణంగా తెచ్చే చిరాకు, కోపం ఈయనలో లేవు. ఎనిమిది వారాలు గడిచినా రవ్వంత మార్పు రాలేదు. నిద్ర మొదటి నుంచీ బాగానే ఉంది, చావు ఆలోచనలు లేవు, తనను తాను నిందించుకోవడం లేదు. ఇవేవీ లేని డిప్రెషన్‌ను రాసేటప్పుడే నేను ఇంకోసారి ఆగి ఉండవలసింది.

జూలైలో వచ్చినప్పుడు ఆకలి గురించి మళ్లీ అడిగాను. "తిండి తగ్గింది అన్నారు కదమ్మా, ఇంట్లో ఎంత తింటున్నారు?" అని. ఆమె కాసేపు ఆలోచించి ఇలా అన్నది: "ఇంట్లో బాగనే తింటాడు సార్. పొద్దున సంగటి తిని పోతాడు. పోయి ఆ బండి కాడ నిలబడి ఉగ్గాని బజ్జీ ఒక ప్లేటు చెప్తాడు. చెప్పి తినడు. ఒక బజ్జీ కొరికి, ఆకలి లేదప్పా అని ప్లేటు ఆడనే పెట్టి వచ్చేస్తాడు. మర్నాడు మళ్లా అదే. బండాయనే నాతో చెప్పినాడు, దుడ్లు ఇస్తాడులే గానీ అమ్మా, నాకే బాధగా ఉంది అని."

ఆ కొరికి వదిలేసిన బజ్జీని ఆకలి తగ్గడంగా ఇంటివాళ్లూ, వాళ్ల మాట విని నేనూ అర్థం చేసుకున్నాం. నిజానికి ఆయన ఆకలి సక్రమంగానే పనిచేస్తోంది: కడుపు నిండితే తినడం మానేస్తున్నారు. చెడింది దానికి ముందు మెట్టు. బండి కనపడగానే, నూనెలో మిరపకాయ బజ్జీ చిటపటమన్న శబ్దం వినగానే, ఆ సంకేతం ఇరవై ఏళ్లుగా మోసుకొస్తున్న విలువ ఆయనను అక్కడికి నడిపిస్తోంది. అరగంట క్రితం తిన్న సంగటి ఆ విలువను తగ్గించాలి, తగ్గించడం లేదు. తిండి నోట్లోకి వచ్చాక గానీ "వద్దు" అన్న కబురు అందడం లేదు.

అమిగ్డలా అనగానే వైద్యులకు కూడా మొదట భయమే గుర్తొస్తుంది. గ్రీకులో బాదం అనే అర్థమున్న ఈ పేరును 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్రీడ్రిష్ బుర్డాఖ్ పెట్టాడు. 1930ల చివర్లో క్లూవర్, బ్యూసీ కోతుల టెంపొరల్ లోబులు తీసివేసినప్పుడు అవి పాములను చూసినా బెదరలేదు. కనపడ్డ ప్రతిదాన్నీ, తినేదైనా కానిదైనా, నోట్లో పెట్టుకునేవి. మనం పాఠ్యపుస్తకాల్లో మొదటి సగాన్నే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాం. 1956లో లారెన్స్ వైస్‌క్రాంట్జ్ తన కోతుల ప్రయోగాల నుంచి ఇంకా విశాలమైన మాట చెప్పాడు: అమిగ్డలా పోతే, మంచిదైనా చెడ్డదైనా ఒక ఫలితాన్ని సూచించే సంకేతాలు ఆ ఫలితంతో ముడిపడడమూ, ఆ ముడి గుర్తుకు రావడమూ కష్టమవుతాయి. భయం ఆ మాటలో ఒక భాగం. రెండో భాగం ప్రతిఫలం, అంటే మెదడు పరిభాషలో రివార్డ్. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పాటన్, సాల్జ్‌మన్ బృందం కోతుల అమిగ్డలాలో ఒక్కొక్క కణాన్నే విని చూసినప్పుడు, మంచి ఫలితాన్ని సూచించే బొమ్మకు చురుకయ్యే కణాలూ, చెడు ఫలితాన్ని సూచించే బొమ్మకు చురుకయ్యే కణాలూ పక్కపక్కనే కనపడ్డాయి. ఏ బొమ్మకు ఏ ఫలితం అన్నది తారుమారు చేస్తే, ఆ కణాల స్పందన కూడా దాని వెంటే మారింది.

ఈ కేసుకు సూటిగా అతికేవి విలువ తగ్గింపు ప్రయోగాలు. 1996లో హాట్‌ఫీల్డ్, గాలగర్, హాలండ్ మొదలైనవారు ఎలుకల అమిగ్డలాలో బేసోలేటరల్ అనే భాగాన్ని మాత్రమే దెబ్బతీశారు. ఒక సంకేతం తర్వాత తిండి వస్తుందని ఆ ఎలుకలు నేర్చుకోగలిగాయి. తర్వాత ఆ తిండి అంటే అసహ్యం కలిగించినప్పుడు తిండిని కూడా వదిలేశాయి. కానీ సంకేతం వచ్చినప్పుడు తిండి పళ్లెం దగ్గరికి మునుపటిలాగే పరుగెత్తాయి. 1997లో మాల్కోవా, గాఫన్, మరే ఇదే సంగతిని కోతుల్లో చూపారు: ఒక రకం తిండిని కడుపు నిండా పెట్టిన తర్వాత మామూలు కోతులు ఆ తిండి దాగి ఉన్న వస్తువులను ఎంచుకోవడం తగ్గించాయి, అమిగ్డలా లేని కోతులు తగ్గించలేదు. 2005లో వెల్మన్, గేల్, మాల్కోవా ఇంకొక అడుగు ముందుకు వేశారు. బేసోలేటరల్ భాగాన్ని మందుతో తాత్కాలికంగా నిద్రపుచ్చి, ఆ తర్వాత కోతికి కడుపు నింపితే ఎంపిక మారలేదు. ముందు కడుపు నింపి, ఆ తర్వాత నిద్రపుచ్చితే ఎంపిక మామూలుగానే మారింది. అంటే కొత్త విలువను రాసుకునే క్షణంలో అమిగ్డలా మేలుకొని ఉండాలి. రాసుకున్నదాన్ని వాడేటప్పుడు దాని అవసరం అంతగా లేదు.

మనుషుల్లో చేసిన ప్రయోగం మన జిల్లాకు కాస్త దగ్గరి చుట్టం. 2003లో లండన్‌లో గాట్‌ఫ్రీడ్, ఓడహర్టీ, డోలన్ ఆకలితో ఉన్న వాలంటీర్లకు కొన్ని బొమ్మలను రెండు వాసనలతో జతచేసి చూపారు: ఒకటి వెనిల్లా, ఇంకొకటి వేరుశనగ వెన్న. తర్వాత వాటిలో ఒకదాన్ని చాలు అనేదాకా తినిపించి మళ్లీ స్కానర్‌లో పడుకోబెట్టారు. తిన్న తిండిని సూచించే బొమ్మకు అమిగ్డలా, ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ స్పందన పడిపోయింది, తినని తిండి బొమ్మకు నిలబడింది. వేరుశనగ కొని అమ్మే మనిషి మీద ఇదే పరీక్షను స్కానర్ లేకుండా, స్టీలు గిన్నెలతో చేయవచ్చునని నాకు తోచింది.

పరీక్ష ఇలా జరిగింది. ఒకే రకం చిన్న గిన్నెలు తీసుకుని, నీలం మూత ఉన్నవాటిలో వేయించిన వేరుశనగ పప్పు, పచ్చ మూత ఉన్నవాటిలో ఎండు ద్రాక్ష పెట్టాము. ఏ మూత కింద ఏది ఉంటుందో ఆయన మొదటి ఐదారు ప్రయత్నాల్లోనే నేర్చుకున్నారు. అడిగితే తడుముకోకుండా చెప్పారు. ఉదయం పది గంటలకు, టిఫిన్ చేయకుండా వచ్చిన రోజున, రెండు మూతల్లో ఒకటి ఎంచుకోమని ఇరవైసార్లు అడిగాము. నీలం మూత 11 సార్లు తీశారు. ఆ తర్వాత వేరుశనగ పప్పు మాత్రమే ఒక పళ్లెంలో పోసి, చాలు అనేదాకా తినమన్నాము. కొంతసేపటికి పళ్లెం పక్కకు నెట్టి, "ఇంక వద్దు సార్, గొంతు దాకా వచ్చింది" అన్నారు. పావుగంట ఆగి మళ్లీ ఇరవైసార్లు మూతలు చూపాము. నీలం మూత 12 సార్లు తీశారు.

అంకె కన్నా నాకు గుర్తుండిపోయింది ఆ చెయ్యి. మూత తీసేవారు, లోపల ఉన్న పప్పును చూసేవారు, చూపుడువేలితో ఒకటి రెండు పలుకులు అటూ ఇటూ కదిపేవారు, తినకుండా మూత పెట్టేసేవారు. మళ్లీ రెండు మూతలు ముందుకు రాగానే అదే చెయ్యి అదే నీలం మూత మీదికి పోయేది. ఏడోసారి నేను అడిగాను: "దాని కింద ఏముందో తెలుసు కదా?" "శెనక్కాయలు సార్." "తినాలని ఉందా?" "లేదు." "మరి ఎందుకు తీశారు?" ఆయన నన్ను చూసి, మూతను చూసి, "ఏమో సార్, అదే తీయబుద్ధయింది" అన్నారు. మూతలు లేకుండా రెండు తిండ్లూ కళ్లెదురుగా పెట్టినప్పుడు మాత్రం ఇరవైలో 15 సార్లు ద్రాక్షే తీసుకున్నారు.

పోల్చి చూడడానికి అదే పరీక్షను ఆయన భార్యతోనూ, కొడుకుతోనూ వేరే రోజున చేశాను. కడుపు నిండాక ఆమె నీలం మూత మూడుసార్లు, కొడుకు ఐదుసార్లు తీశారు. ఇద్దరు మనుషులతో పోల్చడాన్ని ఎవరూ ప్రమాణంగా తీసుకోరు, నేనూ తీసుకోను. అయినా ఆ గదిలో కూర్చున్నవాళ్లకు తేడా కనపడటానికి లెక్కలు అవసరం లేకపోయింది. ఈ పరీక్ష చేయదలచిన సహచరులకు ఒక జాగ్రత్త: హెర్పిస్ ఎన్సెఫలైటిస్ తర్వాత కొందరు ఏది పడితే అది నోట్లో పెట్టుకుంటారు, నమలకుండా మింగుతారు, మింగడం సరిగ్గా ఉందని తేల్చుకోకుండా పప్పులు పెట్టకూడదు.

నష్టం విషయాన్ని ఇంకో విధంగా చూశాను. 2010లో డి మార్టినో, కామెరర్, అడాల్ఫ్స్ రెండు వైపులా అమిగ్డలా దెబ్బతిన్న ఇద్దరిని పరీక్షించి, వాళ్లలో నష్టం అంటే వెనుకంజ వేయడం అనేది లేదని చూపారు. లాభనష్టాల మొత్తాలను తూచడం మాత్రం వాళ్లకు వచ్చు. నేను రూపాయి బిళ్ల చూపి, బొమ్మ పడితే మీకు 100 రూపాయలు, బొరుసు పడితే మీరు నాకు 100 ఇవ్వాలి, ఆడతారా అని అడిగాను. భార్య ఠక్కున తల అడ్డంగా ఊపింది. ఎంత ఇస్తే ఆడతావమ్మా అంటే, నవ్వి, మూడు వందలైతే చూస్తానన్నది. ఆయన మాత్రం "రెండూ సమానమే కదా సార్, ఆడదాం" అన్నారు. గెలుపు 60కి తగ్గిస్తే వెంటనే వద్దన్నారు: "అది నష్టం బేరం." లెక్క చెక్కుచెదరలేదు. మామూలు మనిషిలో నష్టం వైపు పళ్లేన్ని లెక్కకు మించి కిందికి లాగే బరువు ఒకటి ఉంటుంది, అది ఆయనలో లేదు.

ఇప్పుడు తడిసిన లోడు కథ అర్థమవుతుంది. కొడుకును మళ్లీ వివరంగా అడిగాను. ఆ లోడు వచ్చింది ఒక ప్రత్యేకమైన ఊరి నుంచి. ఆ ఊరి ఎర్రనేల కాయ గట్టిగా, పప్పు రాబడి ఎక్కువగా ఉంటుందని యార్డులో పేరు. పదిహేనేళ్లుగా ఆ ఊరి బస్తా కనపడితే మా నాయన రెండో మాట లేకుండా కొనేవాడని చెప్పాడు. ఆ రోజు కూడా కాయను చెవి దగ్గర ఆడించారు, "తడి" అని పైకే అన్నారు, కొడుకు విన్నాడు. అన్నాక కూడా పాత ధరకే ఒప్పుకున్నారు. తడి అన్న జ్ఞానం ఉంది, కాయల ధరల లెక్క ఉంది. ఆ ఊరి బస్తా మీద ఏళ్ల తరబడి పేరుకున్న విలువను ఈ రోజు తడి తగ్గించలేకపోయింది. నీలం మూత కథే ఇదీ.

ఇక నా నిర్ధారణకు అడ్డంకి అన్న మచ్చ సంగతి. విలువను కొత్తగా రాసే పని అమిగ్డలా ఒంటరిగా చేయదు. బేసోలేటరల్ భాగం నుంచి దట్టమైన నరాల తీగలు ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌కు పోతాయి, అక్కడి నుంచి తిరిగి వస్తాయి; ఇంకొన్ని తీగలు మెదడు లోతున ఉండే న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగానికి పోయి, డోపమైన్ అనే రసాయనంతో కలిసి, ఒక వస్తువు వైపు ఎంత బలంగా కదలాలో నిర్ణయించడంలో పాలుపంచుకుంటాయి. 2000లో బాక్స్టర్, మరే బృందం కోతుల్లో ఒక వైపు అమిగ్డలాను, ఎదుటి వైపు ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌ను తీసి, మెదడు రెండు అర్ధగోళాల మధ్య వంతెనను కూడా తెంచినప్పుడు, ఒక్కో భాగం ఇంకా ఒక్కటి మిగిలి ఉన్నా, విలువ తగ్గింపు ప్రయోగంలో ఆ కోతులు విఫలమయ్యాయి. రెండూ మాట్లాడుకోవాలి. మా రోగిలో కుడి ఆర్బిటోఫ్రంటల్ అంచు కూడా కొద్దిగా పోయింది కనుక, లోపాన్ని అమిగ్డలా ఒక్కదాని ఖాతాలో రాయడం న్యాయం కాదు. వైరస్ శస్త్రచికిత్స నిపుణుడు కాదు, గీత గీసినట్టు ఒకే భాగాన్ని తీసిపెట్టదు. అయినా నా మొగ్గు అమిగ్డలా వైపే, దానికి కారణం ఉంది. 1999లో బెచారా, డమాసియో బృందం నాలుగు పేకముక్కల కట్టలతో ఆడించే జూదం పరీక్షలో రెండు రకాల రోగులను పోల్చింది. ఇద్దరూ చెడ్డ కట్టలనే ఎంచుకున్నారు. కానీ ఫ్రంటల్ లోబ్ కింది మధ్యభాగం దెబ్బతిన్నవాళ్ల చర్మం, డబ్బు వచ్చినప్పుడూ పోయినప్పుడూ చెమట స్పందన చూపింది. అమిగ్డలా దెబ్బతిన్నవాళ్ల చర్మం అదీ చూపలేదు. మా దగ్గర ఆ కొలత తీసే పరికరం లేదు. అయితే, పోయిన డబ్బును పక్కింటి కరెంటు బిల్లులా చెప్పిన ఆ గొంతు, జరిగిన తర్వాత కూడా ఏమీ తగలని ఆ రెండో రకానికే దగ్గరగా ఉంది.

ప్రవర్తనను మెల్లగా చెడగొట్టే ఫ్రాంటో టెంపొరల్ డిమెన్షియా అనే మెదడు జబ్బును మచ్చ స్వభావం, నెలల తరబడి పెరగకపోవడం చూసి పక్కన పెట్టాను. హెర్పిస్ తర్వాత కొందరిలో మెదడు కణాల మీద ఉండే ఎన్ఎండీఏ గ్రాహకాలకు వ్యతిరేకంగా ప్రతిదేహాలు (యాంటీబాడీలు) పుట్టి జబ్బు తిరగబెడుతుంది కనుక ఆ పరీక్ష చేయించాను, నెగెటివ్ వచ్చింది. థైరాయిడ్, సోడియం, బి12 మామూలే. జ్ఞాపకం, ఆలోచనలను తూచే మోకా పరీక్షలో 30కి 24. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం ఆలస్యంగా గుర్తుచేసుకోవడంలోనే.

ఎస్సిటలోప్రామ్‌ను నెమ్మదిగా ఆపేశాను. విలువను తిరిగి రాసే మందు లేదు. ఉన్నట్టు రాసి ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంటివాళ్లకు చెప్పడమే చికిత్సలో మొదటి భాగం అయింది, ఎందుకంటే అప్పటికే బంధువుల్లో కొందరు డబ్బు మదం అన్నారు, కొందరు గాలి సోకిందన్నారు, కొడుకు మనసులో తండ్రి మీద కోపం పేరుకుంటోంది. వాడితో యార్డు భాషలోనే మాట్లాడాను. "రేటు బోర్డు మీద సుద్దముక్కతో రాసిన నిన్నటి ధరను పొద్దున్నే తుడిచి కొత్తది రాసే మనిషి ఒకడు ఉంటాడు కదా. మీ నాయన తలకాయలో ఆ మనిషి పోయాడు. బోర్డు ఉంది, ధర ఉంది, చదవడం వచ్చు. తుడిచేవాడు లేడు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మా నాయన కావాలని చేయలేదు" అన్నాడు.

అలవాటును నడిపే స్ట్రయాటమ్, అంకెలు కూడే ప్రీఫ్రంటల్ భాగాలు రోగిలో మిగిలే ఉన్నాయి. తుడిచే పని లోపలివాడు చేయలేకపోతే కాగితం చేయాలి అన్నది నా ఆలోచన. జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి ఇచ్చి, ప్రతి లోడు ముందూ మూడు ప్రశ్నలకు చేతితో జవాబు రాయమన్నాను: తేమ ఎంత, ఈ రోజు ధర ఎంత, మనం దాటకూడని ధర ఎంత. నోటితో చెప్పడం సరిపోదు, ఆ ఏప్రిల్ రోజున నోటితో చెప్పారు కదా. బ్యాంకు సంతకం కొడుకు చేతికి వెళ్లింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు, అది కూడా నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. యార్డుకు వెళ్లే దారిని మార్చి, టిఫిన్ బండి ఉన్న వీధి రాకుండా చూసుకోమన్నాను.

పద్నాలుగు నెలలుగా చూస్తున్నాను. మూత గిన్నెల పరీక్షను రెండుసార్లు తిరిగి చేశాను: ఎనిమిదో నెలలో కడుపు నిండాక నీలం మూత 11 సార్లు, పద్నాలుగో నెలలో 10 సార్లు. లోపం అక్కడే ఉంది. మూర్ఛలు రాలేదు. కొడుకు పక్కన ఉన్నప్పుడు పుస్తకం బాగా పనిచేసింది, ఈ రబీలో తడిసిన సరుకు ఒక్క బస్తా కూడా కొనలేదు. ఆయన ఒంటరిగా వెళ్లిన రెండు సందర్భాల్లో మాత్రం, మూడు జవాబులూ సరిగ్గా రాసి, దాటకూడని ధర కింద గీత కూడా గీసి, దానికి పైనే ఒప్పుకొని వచ్చారు. రాసిన అంకె చేతిని ఆపడానికి ఇంకొక మనిషి కళ్లు కూడా కావాలని దాన్నిబట్టి అర్థమైంది; ఒంటరిగా యార్డుకు పంపవద్దని చెప్పాను.

దారి మార్చినా బండి మానలేదు. పోయిన నెల ఆ పుస్తకం నా బల్ల మీద పెట్టినప్పుడు, మూడు ప్రశ్నలకూ కింద వేరే దస్తూరీలో నాలుగోది కనపడింది. భార్య రాసింది: "పొద్దున ఇంట్లో తింటివా?" దాని కింద ఆయన తేదీ వేసి రోజూ "తిన్నాను" అని రాస్తున్నారు. ఆ రాత ఉన్న 26 రోజుల్లో 17 రోజులు బండి దాకా పోయి, పుస్తకం తీసి రాసి, వెనక్కి వచ్చారట. మిగతా తొమ్మిది రోజులు రాసి, పుస్తకం జేబులో పెట్టుకుని, ప్లేటు చెప్పారు.